పీకిన చెట్టు మీద వాన

అనంతపురం

మా అక్క సుంకమ్మకు చెల్లెలు ఈరమ్మ నమస్కరించి రాసేది. నువ్వు, పిల్లలు, అమ్మానాయనా బాగున్నారా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమూ క్షేమమే అని రాయబోయి ఆగిపోయాను. ఫోన్లో చెబుదామంటే అది ఎప్పుడూ నాయన జేబులోనే ఉంటుంది. నువ్వొక్కదానివే చదువుకో.

హాస్టల్ వంటింట్లో పని బాగానే ఉంది. చపాతీలు చేసీ చేసీ వాటి మొహం చూడబుద్ధి కావడం లేదు. కొర్రన్నం మీదికి పోతోంది మనసు.

అక్కా, నా మెడలో గడ్డ లేచింది. అది చెడ్డదో కాదో తేల్చడానికి సూది గుచ్చి కొంచెం తీసి చూడాలన్నారు ఆసుపత్రిలో. సూది లోపల ఉన్నంతసేపూ కదలకూడదట, మింగకూడదట. మొదటిసారి సూది చూడగానే మంచం దిగేశాను. డాక్టరు విసుక్కుని మళ్లీ రమ్మన్నాడు.

అక్కడి నర్సమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను నేనే హిప్నాటిజం చేసుకోవడం నేర్పింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

"నగాకమ్మా, మంత్రం కాదు ఇది. కండ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకో. మీ చేన్లో కూర్చున్యావనుకో. సల్లగా వాన పడతాండాది..."

నేను దిగ్గున లేచాను. "అయ్యో, పీకి ఆరేసిన శెనక్కాయ చెట్టు తడిసి కాయ కుళ్లిపోతాదే!" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "అట్లయితే వాన వద్దులే. నీకు యాడ బాగుంటాదో ఆడికే పో."

ఇంట్లో రోజూ కళ్లు మూసుకుని కాయలు తెంపాను. మనసులోనే చెట్టు తీసుకోవడం, మట్టి దులపడం, కాయలు గంపలో వేయడం. మీ మరిది చూసి "ఏమే, కూర్చోనే నిద్రపోతాండావా?" అన్నాడు.

మొన్న సూది గుచ్చారు. దిగడం తెలిసింది. నొప్పి మాత్రం పక్క చేలో ఎవరో పిలుస్తున్నట్టు దూరంగా ఉంది. నేను కాయలు తెంపుతూనే ఉన్నాను. కదల్లేదక్కా! "అయిపోయింది, లేమ్మా" అని నర్సమ్మ భుజం తట్టేదాకా కళ్లు తెరవలేదు.

ఫలితం వచ్చే శుక్రవారం చెబుతారు. సూదికి పనికొచ్చింది ఈ ఎదురుచూపుకు పనికిరావడం లేదు. కళ్లు మూసుకుని కూర్చోలేకపోతున్నాను. పెనం మీద చపాతీలు మాడ్చి తిట్లు తింటున్నాను. భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. మీ మరిది ధైర్యం చెబుతాడు గానీ రాత్రిళ్లు లేచి ఆయనే గుమ్మంలో కూర్చుంటున్నాడు.

అమ్మానాయనలకు నా దండాలు చెప్పు, ఈ సంగతి మాత్రం చెప్పకు. పెద్దదానివి, నీ దీవెన కావాలి నాకు. రాసి పంపొద్దు. శుక్రవారం పొద్దున్నే విడపనకల్లులో బస్సెక్కి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు.

నీ చెల్లెలు
ఈరమ్మ