చర్చి గుమ్మం మీద బొట్టు

దయాల్‌బంద్, బిలాస్‌పూర్
14 జూలై 2025

చిరంజీవి తమ్ముడు జయప్రకాష్‌కు అక్క సౌభాగ్య ఆశీస్సులు. అందరం కులాసా అని ఈ పూట రాయలేను. ఫోన్‌లో అయితే పోట్లాడుకుంటామని ఉత్తరానికి కూర్చున్నాను.

నువ్వు విశాఖ నుంచి పంపిన రాజశ్రీ గారు పొద్దున్నే దిగారు. పాత బొమ్మలు బాగుచేయడం ఆవిడ పని, సరే. తాతయ్య బొమ్మ అమ్మకి ఏమిటో ముందే చెప్పి పంపొద్దూ? అమ్మ ఇంకా కడుపులో ఉండగానే రైల్వే షెడ్‌లో డ్యూటీ వదిలి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన మనిషి. ఒక్క ఫొటో లేదు. ఇటలీలో తోటి సిపాయి నీటిరంగులతో వేసిన ఈ బొమ్మ, బాంబు పడి కప్పు ఎగిరిపోయిన చర్చి, ఒక్కటే ఇంటికి చేరింది. ఆ తర్వాత ఆయన కబురే లేదు. అమ్మమ్మ పటం అద్దం తీయించేసి, చర్చి గుమ్మం మీద బొట్టు పెట్టి, మీ నాన్న ఇక్కడే ఉన్నాడే అని అమ్మకి చూపించేదట. అమ్మమ్మ పోయాక అమ్మ పెడుతోంది. గంధం, కుంకుమ అట్టకట్టి గుమ్మమంతా మూసుకుపోయింది.

దాని కింద కాగితం కుళ్లుతోందని, ఈ వానలకి చిల్లు పడుతుందని రాజశ్రీ గారు చెప్పారు. తీస్తే రంగు కూడా ఊడిరావచ్చునట. అమ్మ బొమ్మని ఒళ్లోంచి వదల్లేదు. మాయమ్మ సచ్చిన్నాటికీ నుదుట బొట్టు తియ్యనేదు, ఆయన పోయాడని ఎవులూ సెప్పనేదు, ఇప్పుడు మీరు తుడిసేస్తారేటి అని అడిగింది. నీ మీద ఒళ్లు మండిపోయింది నాకు.

బాగుచేయించి మ్యూజియానికి ఇద్దామన్న నీ మాట మర్చిపో. బొమ్మ ఇల్లు కదలదు. కానీ అలా కుళ్లనివ్వలేక నేనే అమ్మని బతిమాలాను. మధ్యాహ్నానికి, అచ్ఛా, కానీయండి అని బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు హాల్లో రాజశ్రీ గారు తడి దూదితో కుంకుమ తీస్తున్నారు. అమ్మ పక్కనే కూర్చుంది. చూడలేక వంటింట్లోకి వచ్చి రాస్తున్నాను. దూదికి కుంకుమతో పాటు బొమ్మ రంగు కూడా అంటిందంటే, అమ్మకి ఉన్న ఆ కాస్త తండ్రినీ మనమే పోగొట్టినట్టు. నాకు భయంగా ఉంది.

ఫోన్ చెయ్యకు. నేనే చేస్తాను.

నీ అక్క,
సౌభాగ్య

తా.క. అమ్మ పిలిస్తే వెళ్లి వచ్చాను. రంగు పోలేదు. గుమ్మంలో మనిషి ఉన్నాడు తమ్ముడూ, చేతిలో టోపీ పట్టుకుని. అమ్మమ్మ బొట్టు పెట్టింది గుమ్మానికి కాదు, ఆయన నుదుటికి. పెట్టీ పెట్టీ ఆయన్నే కప్పేశాం. భూతద్దంలో చూస్తే మీసం కూడా సరిగా రాని మొహం. అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, మా నాన్న ఇంత కుర్రోడేటే అని అడిగింది.