తొలి వేటకు తేలే సంచి

నూక్

ఎనోక్ మావయ్యకు,

ఇక్కడ అందరం క్షేమం. మంచు కరిగింది, మా కయాక్ పడవల క్లబ్బు గొడవలే కరగలేదు. జూన్‌లో పరీక్ష. నెగ్గితేనే వేసవి యాత్రకు తీసుకెళతారు, లేదంటే ఒడ్డున నిలబడి చేతులూపాలి. తేలే సంచి ఒకటి కొనాలి. నోటితో ఊదేదా, స్పాంజి దిమ్మా? క్లబ్బు అధ్యక్షుడు ఆక్సెల్ గారు ఊదేదే నాగరికం అంటారు. ఆయన కయాక్ మీది సామాను చూస్తే దుకాణమే నీళ్లలోకి దిగినట్టుంటుంది. నువ్వేమంటావు?

నీ మేనకోడలు
నివి

తా.క.: అత్తయ్యకు చెప్పకు, భయపడుతుంది.

*

కంగామియుత్

చిరంజీవి నివికి,

కళ్లు చెమర్చాయి తల్లీ. ఇన్నాళ్లకు మన ఇంట్లో వేటగత్తె పుట్టింది. ఎంత సంచి కావాలో నువ్వు కొట్టబోయే సీలు జంతువును బట్టి ఉంటుంది. ఈటె తాడుకు కట్టిన సంచి చిన్నదైతే, దెబ్బతిన్న సీలు దాన్ని కూడా లాక్కుని మునుగుతుంది. తొలి వేటలో దొరికింది ఊరందరికీ పంచడం మన ఆచారం, మరిచిపోకు.

ఆశీస్సులతో
మావయ్య

తా.క.: అత్తయ్యకు చెప్పలేదు. చర్చిలో చెప్పాను.

*

నూక్

మావయ్యా,

సంచి సీలుకు కాదు, నాకు. కయాక్ బోల్తాపడితే సంచిని తెడ్డు చివర తొడిగి, తెడ్డును పడవకు అడ్డంగా వేసి, ఆ ఊతంతో నా అంతట నేనే ఎక్కాలి. అదీ పరీక్ష. ఈ ముక్క కూడా చర్చిలో చెప్పు.

కంగారుతో
నివి

తా.క.: ఊరందరూ అంటే ఎందరు?

*

కంగామియుత్

నివీ,

నీళ్లలో పడడానికి పరీక్షా? మా కాలంలో పడనివాడే నెగ్గినట్టు. పడినా తెడ్డు ఒక్క తిప్పు తిప్పి లేచేవాణ్ణి. సరే, ఒకటి చెప్పు. ఆ చలినీళ్లలో పెదాలు కొయ్యబారితే ఊదేదెవరు, మీ అధ్యక్షుడా?

చర్చిలో చెప్పి చూశాను. ఎవరూ వినలేదు, నీ వేట చూడ్డానికి ఓడ టిక్కెట్లు కొనేశారు. మోకాళ్ల నొప్పితో నేనే ఆగిపోయాను. ఏదో ఒకటి పట్టు తల్లీ, పరువు దక్కించు.

మావయ్య

తా.క.: అత్తయ్య పెద్ద గిన్నె తెస్తోంది.

*

నూక్

మావయ్యా,

దిమ్మే కొన్నాను, నెగ్గాను. నా తర్వాత ఆక్సెల్ గారు అసలు పద్ధతి చూపిస్తానని తానే బోల్తా కొట్టారు. సంచి గొట్టం నోట్లో పెట్టుకుంటే చలికి పెదాలు కలవలేదు. నా దిమ్మ అందించి ఎక్కించి, తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాను. రేవులో మన ఊరంతా ఉంది. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇదా నీ తొలి వేట? ఇంతమందికి ఎలా సరిపెట్టాలే?" అంది.

ఆయన సిగ్గుపడి, ఆచారం కాదనకుండా, తన సామానంతా పంచేశారు.

యాత్రకు బయల్దేరుతూ
నివి

తా.క.: అత్తయ్య వాటాకు ఊదే సంచి వచ్చింది. దిండుకు బాగుంటుందట.

*

కంగామియుత్

వేటగత్తె నివికి,

ఊళ్లో తలెత్తుకు తిరుగుతున్నాను. ఆ దిండు నన్నే ఊదమంది మీ అత్తయ్య. పొయ్యి పక్కన కూర్చుని ఊదినా ఆయాసం వచ్చింది.

మావయ్య

తా.క.: ఆ స్పాంజి దిమ్మ ఒకటి నాకూ పంపు. సీలు కోసమే. చర్చిలో ఎవరికీ తెలియనీకు.