గుర్తు తెలిసిన వాహనము గురించి

బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,
ఆదోని కాపురస్తుడు, బోర్డులు రాసే శేషప్ప రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మూడు చిలుకల లారీ సర్వీసు వారి రెండు లారీలు ఒకే నంబరుతో తిరుగుట, అందులో ఒకటి నా భార్య దేవక్కను చంపుట, శుక్రవారం లోపల రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి రికార్డులు చూడవలెనని కోరుట.

నాకు చదువు రెండో తరగతి. నలభై ఏండ్లుగా లారీలకు, అంగళ్లకు పేర్లు రాస్తున్నాను. అక్షరం గీయడం వచ్చు, కూర్చడం అంతగా రాదు. తప్పులుంటే తమరే దిద్దుకోవలెను. మళ్లీ రాసుకొని రమ్మంటే రాను.

1. పోయిన నెల పదకొండో తేదీ పొద్దున పది గంటలకు ఎమ్మిగనూరు రస్తాలో ఎరువుల అంగడి గోడ మీద రాస్తుంటిమి. నేను ఈ చివర నిచ్చెన మీద, నా భార్య ఆ చివర కూర్చొని కింది అంచుకు ఎర్ర గీత పూస్తుండెను. పత్తి గింజల మూటలు వేసుకొన్న లారీ రస్తా దిగి వచ్చి ఆమెను గోడకు అదిమి, గోడ పొడవునా ఈడ్చెను. నేను రాసిన మూడు అక్షరాలు ఆమె వీపుతో చెరిగిపోయినవి. తరువాత లారీ రస్తా ఎక్కి ఆగకుండా పోయెను. నిచ్చెన మీద నుంచి దాని వెనక డోరు చూసినాను. ఆ నంబరు రాత నాది.

స్టేషను నుంచి వచ్చినాయన గోడ చూసి, "పెద్దాయనా, ఇందులో రంగేది, నెత్తురేది?" అని అడిగినాడు. "ఎండింది నెత్తురు సామీ. ఎండంది రంగు" అని వేలితో చూపించినాను.

2. నంబరు చెప్పినాను. లారీ ఓనరు హరికృష్ణను పిలిపించిరి. ఆయన రాయచూరు కాటా చీటీ చూపించెను. అదే రోజు, అదే పది గంటలకు, అదే నంబరు లారీ అక్కడ తూకం వేయించుకొన్నట్లు అందులో ఉన్నది. ఆయన నవ్వుతూ, "ఒగ బండి రెండు తావుల ఎట్లుంటాదప్పా? పెండ్లాం పోయి ముసలోనికి తల తిరిగింది" అనెను. అంతటితో "గుర్తు తెలియని వాహనము" అని రాసుకొని నన్ను ఇంటికి పొమ్మనిరి.

ఆ వాహనము గుర్తు నాకు తెలియును. ఆ గుర్తు వేసినవాణ్ణి నేనే.

3. నేను ఊరకే కూర్చునే మనిషిని కాను. మూడో రోజు వాళ్ల షెడ్డుకు పోయినాను. ఆ లారీ డ్రైవరు ఈరేష్ క్యాబిన్‌లో పండుకొని ఉండెను. కాలు పట్టి కిందికి లాగి జాకీ రాడ్డుతో కొట్టినాను. మొదటి దెబ్బకు అడ్డం పెట్టిన చెయ్యి విరిగినది. రెండో దెబ్బకు తల పగలవలసినది. అంతలో వాడు చెప్పిన మాటకు నా చెయ్యి ఆగిపోయినది.

"సంపు తాతా. సంపేముందు ఇను. బ్రేకు తొక్కినా, పెడలు నేలకు తగిలింది. మూడుసార్లు ఓనరుకు సెప్పినా. దానికి కాగితాలే ల్యావు, యాడికని తీస్కపోయి రిపేరు సేయించాలంటాడు. నీకు దండం పెడ్తా, పెట్టేకి ఒగ సెయ్యే ఉంది."

తప్పు మనిషిని కొట్టినాను. వాడు కేసు పెడితే ఒప్పుకొంటాను.

4. ఇది రాయకూడదు అనుకొంటిని. రాయకపోతే అర్జీ నిలబడదు.

ఆ రెండో లారీకి నంబరు రాసినది పోయిన ఏడాది, ఓనరు షెడ్డులోనే. నేను నల్ల రంగుతో 7147 రాస్తున్నాను. దేవక్క చిలుకల ముక్కులకు పూసే ఎర్ర డబ్బా పట్టుకొని ఉండెను. ఆమెకు చదువు అసలే రాదు.

"ఈ నంబరు మనం ఒగసారి రాసినాం గదా, పాత బండికి" అనెను.

"నీకు అంకెలు యాడ తెల్సునే?"

"అంకెలు తెల్వవు. కొక్కెం, కట్టె, తిరగలేసిన కుర్సీ, మళ్లా కొక్కెం. నా కండ్లతో సూసింది మర్సిపోతానా?"

ఓనరు పక్కనే ఉండి, "పాతది తుక్కుకు పోయింది శేషప్పా, నంబరు దీనికి మార్పించినా. నీ ఇంట్లో లెక్క ఆడది సూస్తాదా ఏమి?" అని నవ్వెను. నాకు పరువు పోయినట్లయినది. ఆర్.సి. బుక్కు చూపించమని అడగవలసిన నోరు మూసుకొని, దేవక్క చెంప మీద కొట్టినాను. పెదవి చిట్లినది. డబ్బా ఒలికి చివరి కొక్కెం మీద పడి, దాని కింద జానెడు ఎరుపు కారినది. ఆమె కొంగుతో తుడవబోయెను. "తుడవద్దు, ఎండిపోనీ. నీకు గుర్తుంటాది" అన్నాను.

ఆమెను చంపిపోయిన లారీకి చివరి కొక్కెం కింద ఆ ఎరుపు ఉన్నది. రాయచూరులో తూకం వేయించినదానికి ఉండదు. దాని నంబరూ నేనే రాసినాను, శుభ్రంగా రాసినాను.

5. కావున తమరు చూడవలసినది ఏమనగా, రెండు లారీలను తెప్పించి ఛాసీ మీద కొట్టిన నంబరు ఆర్.సి.తో పోల్చవలెను. ఎఫ్.సి., ఇన్సూరెన్సు ఏ బండివో తేల్చవలెను. తమరిని మా వైపు అందరూ బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు గనుక, ఎరుపు కారిన బండి ఎక్కి ఒకసారి బ్రేకు తొక్కవలెను. ఖాళీ రస్తాలోనే తొక్కవలెను.

6. నాకు పరిహారం వద్దు. ఎవరైనా ఇస్తామని వస్తే మొహాన కొడతాను.

7. శుక్రవారం అని ఎందుకంటే, నిన్న ఓనరు నన్ను పిలిపించి, "మొదటిదీ నువ్వే రాసినావు, రెండోదీ నువ్వే రాసినావు. జైలుకు పోతే ఇద్దరం పోతాం పెద్దాయనా. శుక్రవారం వచ్చి ఆ మరక మీద రంగు కొట్టి పో" అనెను. వస్తానని చెప్పినాను. జైలుకు పోవడానికి నాకు అభ్యంతరం లేదు, ఆయన పక్కన పండుకోవడానికి కూడా లేదు. ఆ మరక పోతే మాత్రం దేవక్క చెప్పిన మాట అబద్ధమవుతుంది. ఆమెను రెండోసారి కొట్టినట్లవుతుంది.

ఇదంతా తమరు చిత్తానికి తెచ్చుకొని, లేచి రావలెను.

శుక్రవారం దాకా తమ విధేయుడు,
శేషప్ప

మరిచినది: కాగితం వెనక ఆ నంబరు పూర్తిగా గీసినాను, లారీ మీద ఎట్లున్నదో అట్లే. ఈ కాగితం మీద చివరి కొక్కెం కింద కారినట్లు పూసినది ఆ రోజు గోడ దగ్గర దేవక్క చేతిలో మిగిలిన డబ్బాలోనిది. అది రంగే, తమరు దడుచుకోనక్కర లేదు. జాకీ రాడ్డు నా దగ్గరనే ఉన్నది. తమరు రాకపోతే శుక్రవారం నేను షెడ్డుకు పోతాను, రంగు డబ్బా మాత్రం తీసుకొని పోను. ఆ తరువాత అక్కడ నేల మీద ఎరుపు కనబడితే, అది ఎండిందా లేదా చూసుకోవలెను.