ఎర్తు గుంటకు నీళ్లు

ఆదోని,
బుధవారం

ప్రియమైన సామ్సన్ సార్‌కు,

ఫోనులో నాకు మాటలు రావని మీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నా దగ్గరున్న మీ గిటారు ఆంప్లిఫయర్ ఆదివారం ఆస్పరి చర్చికి వెళ్లిపోతుంది. ఈలోపు దాని గొంతును కంప్యూటర్‌లో దాచుకోమన్నారు. కంప్యూటర్ పంపే పరీక్ష శబ్దాలను ఆంప్ పలుకుతుంది. ఆంప్ లేకున్నా గిటారును అలాగే పలికించేలా, మైకులో ఆ పలుకు విని కంప్యూటర్ దాని గొంతు నేర్చుకుంటుంది. నేర్చుకుంది కూడా. కానీ గదిలో తుమ్మెద చిక్కుకున్నట్టు ఒక హమ్‌ను కూడా కలిపి నేర్చుకుంది.

వైర్లు మార్చాను. ఫ్యాను ఆపాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేశాను. కొంత తగ్గింది, పోలేదు. హమ్‌ను కత్తిరించే సాఫ్ట్‌వేర్ ఉంది, వాడి చూశాను. స్వరం చివరి వణుకు కూడా తెగిపోతోంది. ఆ వణుకు ఆగేదాకా వినమని కాన్వెంటులో మీరే నేర్పారు. అది లేని గొంతు నాకు వద్దు.

ఆంప్‌ను గట్టిగా పలికిస్తే హమ్ వెనక్కి పోతుందేమో. ఇన్నాళ్లూ ఎందుకు పలికించలేదో మీకు చెప్పలేదు. ఒకరోజు పత్తి బేరానికి వచ్చినవాళ్ల ముందు నాన్న, "ఆ గోల ఆపమ్మీ" అన్నారు. వాళ్లు నవ్వారు. అప్పటి నుంచి హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తున్నాను. ఆ తర్వాత ఈ ఇంట్లో ఎవరూ నా గిటారు వినలేదు.

రేపు నాన్నను అడుగుతాను. ఒక పూట ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలి, నేను మాత్రం గోల చేస్తాను అని. వద్దన్నా చేస్తాను.

మీ
అమృతవల్లి

ఆదోని,
సోమవారం

ప్రియమైన సార్‌కు,

మీరు పంపిన అశోక్ అన్న ఆంప్‌ను ఆస్పరికి చేర్చి, మీ ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చి ఉంటాడు. దాని గొంతు మాత్రం నా దగ్గరుంది.

గురువారం నాన్నను అడిగాను. వద్దనలేదు. గదిలోకి వచ్చి, "యాడ వస్తాంది ఆ శబ్దం?" అంటూ ఆంప్ ఇనుప అంచు మీద చెయ్యి పెట్టారు. హమ్ తగ్గింది. ఉలిక్కిపడి చెయ్యి తీశారు. హమ్ మళ్లీ వచ్చింది.

"జుమ్మంటాంది గదమ్మీ! ఇన్నాళ్లూ సెప్పలేదేం?"

"మీరు అడగలేదు నాన్నా."

చెయ్యి పెడితే తగ్గిందంటే ఎర్తు సరిగా అందడం లేదంటూ నాన్న పెరట్లోకి నడిచారు. ఎండాకాలం మా పత్తి జిన్నింగ్ మిల్లులో ఎర్తు తీగ పాతిన గుంటకు రోజూ నీళ్లు పోయిస్తారు. మట్టి ఎండితే కరెంటు భూమిలోకి దిగక మోటార్లు జుమ్మంటాయట. మా ఇంటి గుంటకు ఒకప్పుడు బట్టల బండ నీళ్లు చేరేవి. అమ్మ మేడ మీద వాషింగ్ మెషిన్ పెట్టించాక దానికి చుక్క అందలేదు.

నాన్నే ఉప్పు వేసి బకెట్లతో పోశారు.

"మల్లెసెట్టుకు సెంబెడు పొయ్యని మనిషి, గుంటకు పోస్తాండాడు సూడు!" అంది అమ్మ.

హమ్ పోయింది. ఆంప్ ఊపిరిలా సన్నని సుయ్ మాత్రం మిగిలింది. దాన్ని ఉంచేశాను. పరీక్ష శబ్దాలు కీచుమంటుంటే నాన్న చెవులు మూసుకుని, "దినామూ వాయించేది ఇదేనా?" అన్నారు. "ఇది కాదు, కూర్చోండి" అన్నాను. నాన్నకు అలా చెప్పడం నాకు అదే మొదలు. బకెట్ బోర్లించుకుని కూర్చున్నారు. ఆంప్ పెంచి వాయించాను. చివరి వణుకు ఆగేదాకా ఆయన లేవలేదు.

ఈ ఉదయం కూడా గుంటకు నీళ్లు పోస్తున్నారు.

"ఆంప్ పోయింది కదా నాన్నా."

"నువ్వు యాడికీ పోలేదు గదా. ఆ సెవులకు పెట్టుకునేది తీసి వాయించు."

తీసేశాను సార్.

మీ శిష్యురాలు
అమృతవల్లి