ఒక మాస్కు ఎక్కువ

ప్రియమైన మహారాణి గారికి,

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ దీవి మీద టెంటు తాళ్ళకు తడి డ్రాయర్లు ఆరవేయుట నేటి నుంచి నిషిద్ధం. అతిక్రమించినవారి డ్రాయరు జెండాకర్రకు ఎగరవేయబడును. అందరూ లేచి వందనం చేయవలెను. ఇట్లు, వంటవాడు.

ఈ శాసనాన్ని అట్టముక్క మీద బొగ్గుతో రాసి వంటపాక ముందు వేలాడదీశాను. ఒక బ్యాంకాయన నిజమనుకుని తన డ్రాయరు దిండు కింద దాచుకున్నాడట. పొద్దున లేచి, "దిండు తడిసిందేమిటయ్యా?" అని నన్నే అడిగాడు.

ఇక్కడ ఫోను పలకదు కదా, అందుకే సామాన్ల పడవలో ఈ ఉత్తరం. ఈసారి పదకొండు మంది వచ్చారు. మీ తమ్ముడు వాళ్ళని పడవలో పగడాల దిబ్బ దగ్గరికి తీసుకెళ్తాడు. కళ్ళకు మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళ మీద బోర్లా తేలుతూ కింద చేపల్ని చూస్తారు. దాన్ని స్నోర్కెలింగ్ అంటారట. పడవలోంచి చూస్తే బియ్యం బస్తాలు కొట్టుకుపోతున్నట్టుంటుంది. వాళ్ళు అలా తేలుతుంటే మేమిద్దరం గాలాలు వేస్తాం. పడ్డవాటిని సాయంత్రం నేను వేయిస్తాను.

వీళ్ళలో ఒక టైలరున్నాడు. ఒంటరిగా వచ్చాడు. "ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళ నడుములు కొలిచాను, ఒకసారి సముద్రం కొలిచి పోదామని" అన్నాడు. చిరిగిన టెంటు చూసి చెయ్యి ఊరుకోక, సూది తీసి కుట్టేశాడు. కృతజ్ఞతగా నేను అతని చెప్పులో పీతను పెట్టాను. ముందు ఎగిరి గంతేశాడు, తర్వాత నాకంటే ఎక్కువ నవ్వాడు. మంచివాడు.

మీ మరదలు నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి మీ తమ్ముడి కాలు నేల మీద ఆనడం లేదు.

అమ్మడికి ముద్దులు. నీకు చేపల వాసన చేత్తో ఒక మొట్టికాయ.

నీ చేతకాని మొగుడు


ప్రియమైన వంటపాక దొరగారికి,

మీ శాసనం చదివి అమ్మడు మంచం మీంచి దొర్లి నవ్వింది. మా లాండ్రీలో ఆవిరి ఇస్త్రీపెట్టె మళ్ళీ చెడింది, మణికట్టు కాలింది. మందు రాశాను, కంగారు పడకండి.

ఒక్క మాట. తమ్ముడితో పరాచికాలు ఒడ్డున ఆడండి, పడవలో వద్దు. అమ్మ పోయినప్పుడు వాడికి నడక కూడా రాదు. చంకన వేసుకుని పెంచాను. వాడికేమైనా అయితే నేను బతకను. ఇది బెదిరింపు కాదు, మీకు తెలుసు.

టైలరు గారిని అడగండి, అమ్మడి స్కూలు గౌను పొడవు పెంచడం కుదురుతుందేమో.

మీ మహారాణి


ప్రియమైన నీకు,

టైలరు పోయాడు. నేను స్టేషన్‌లో ఉన్నాను. ఈ కాగితం కానిస్టేబులు ఇచ్చాడు.

పడవ ఎక్కగానే అందరూ మాస్కులు తీసి మంచినీళ్ళ డ్రమ్ములో పడేస్తారు. మనుషులు అటూ ఇటూ కదులుతారని మీ తమ్ముడు మాస్కులే లెక్కపెడతాడు. పదకొండు వస్తే ఇంజను వేస్తాడు. ఆ రోజు నేను నా మాస్కు కూడా అందులో వేశాను. పన్నెండొచ్చి వాడు బుర్ర గోక్కుంటే చూసి నవ్వుదామని. టైలరు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. వాళ్ళవి పది, నాది ఒకటి. లెక్క సరిపోయింది.

భోజనాల దగ్గర ఒక పళ్ళెం మిగిలింది. అప్పుడు తెలిసింది. మేం తిరిగి వెళ్ళేసరికి దిబ్బ దగ్గర ఎవరూ లేరు. మర్నాడు దొరికాడు. మాస్కు మొహానికే ఉంది.

మీ తమ్ముడు సరిగ్గానే లెక్కపెట్టాడు. తప్పంతా నాది. వాణ్ణి ఒక్క మాట అనకు.

నీ మొగుడు


అమ్మడి నాన్నకి,

ఇన్ని నెలలూ ఎందుకు రాయలేదని అడగకండి. కలం పట్టుకుంటే ఆ టైలరు భార్య కోర్టు మెట్ల మీద కూర్చున్న తీరే కనపడేది. మీకు శిక్ష పడ్డ రోజు లాండ్రీలో ఒకామె, "మీ ఆయన ఇప్పుడు ఎవర్ని నవ్విస్తున్నాడు?" అంది. నేను ఇస్త్రీ చేస్తూనే ఉన్నాను.

తమ్ముడు బాగున్నాడు. కొడుకు పుట్టాడు. పడవ మళ్ళీ వాడి చేతికే ఇచ్చారు. వచ్చే ఆదివారం అమ్మడి క్లాసు పిల్లల్ని దిబ్బకి తీసుకెళ్తున్నాడు. నేను వద్దే వద్దన్నాను. "బావ లేడు కదక్కా, ఇంక లెక్క తప్పించేదెవరు?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. సరేనన్నాను. పిల్లలు ఈదుతుంటే గాలం వేసి నాకు పెద్ద చేప తెస్తాడట.

మీకు చెప్పాలనిపించి రాశాను, అంతే.

అమ్మడి అమ్మ


ప్రియమైన మహారాణీ,

ఇది అందగానే పనిలో ఉంటే పని వదిలేసి ఇంటికి వెళ్ళు. ఇందులో ఏం రాయబోతున్నానో చెబితే, ఉత్తరాలు చూసే జైలు వార్డరు నా మొహం కేసి చూశాడు, తర్వాత తనే సైకిలు మీద పోస్టాఫీసుకు తీసుకెళ్తానన్నాడు. ఆదివారం లోపు చేరుతుందనే నమ్మకంతో రాస్తున్నాను.

ఆ రోజు మీ తమ్ముడి గాలానికి పెద్ద చేప పడింది. తాడు చేతుల్ని కోసేస్తోంది. ఎక్కినవాళ్ళందరూ దాన్ని చూడ్డానికి ఒకే పక్కకి చేరారు, పడవ ఒరిగింది. నేను ఈలలు వేస్తున్నాను. "అందరూ ఎక్కారా?" అని వాడు వెనక్కి చూడకుండానే అరిచాడు. "ఎక్కాం, ఎక్కాం" అన్నాడు బ్యాంకాయన. వాడు డ్రమ్ములోకి తొంగి చూడలేదు. నేనూ చూడలేదు.

శవం దొరికిన పొద్దున మీ తమ్ముడు లంగరు తాడు నడుముకి చుట్టుకుంటూ కనపడ్డాడు. లాగి రెండు కొట్టాను. "నన్ను వదిలెయ్ బావా" అని ఏడ్చాడు. నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. వెధవపని చేశానని నేనంటే ఎవరూ అనుమానించరు, నా మొహం అలాంటిది. ఏం చెప్పాలో వాడికి నేర్పాను. పోలీసుల ముందు వాడు అదే చెప్పాడు, కోర్టులో అదే చెప్పాడు. చెప్పి చెప్పి, ఇప్పుడు వాడే నమ్మేసినట్టున్నాడు. అందుకే మళ్ళీ గాలం వేస్తానంటున్నాడు.

అమ్మడిని పంపకు. మిగతా పిల్లలూ ఎవరో ఒకరి కన్నబిడ్డలే కాబట్టి, ఆ పడవనే కదలనివ్వకు. వాడు కాళ్ళ మీద పడ్డా వినకు. అడ్డం తిరిగితే ఈ ఉత్తరం స్కూలు వాళ్ళకి చూపించు, పోలీసులకి చూపించు. వాణ్ణి కాపాడమని నేనింక అడగను.

ఇన్నేళ్ళూ నేను చెప్పిన అబద్ధాల్ని నువ్వు ఇట్టే పట్టేసేదానివి. ఈ ఒక్కదాన్నీ పట్టలేకపోయావు, ఎందుకంటే నవ్వకుండా చెప్పాను. ఇప్పుడూ నవ్వడం లేదు, నమ్ము. ఆ డ్రమ్ములో నా మాస్కు లేదు. నేను వేయలేదు. అది మొదటి నుంచి చివరిదాకా నా కల్పితం.

నీ మొగుడు