ఇసకదిబ్బ మీద ఎర్రచీర

మాఘ అమావాస్య, ఆదివారం. ఎండ, తూరుపు గాలి. ఆవుకు కుడితి పెట్టి బయలుదేరాను.

పార్వతీ, నువ్వు చూడాలన్న భావనపాడు ఇసకదిబ్బకు స్నేహితులం ముగ్గురం వచ్చాం. తక్కువకు ఒప్పుకున్న పడవవాడు మమ్మల్ని దింపి, సాయంత్రం వస్తానని వేటకు పోయాడు. తిండికి కూర్చోబోతూ అప్పన్న అలవాటుగా కుండలోని మంచినీళ్లన్నీ కాళ్ల మీద పోసుకున్నాడు.

"ఒరే, ఇప్పుడేటి తాగుతావు, సముద్రాన్నా?" అన్నాడు రాములు.

"సుట్టూ ఇన్ని నీళ్లుంటే కుండెవుడు సూస్తాడ్రా!"

అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు గొంతులు ఎండిపోయాయి, పొద్దు వాలింది, పడవవాడు రాలేదు, పోటు మా మూటల దాకా వచ్చింది. దూరంగా వేరే పడవ ఒకటి మమ్మల్ని చూడకుండా పోతోంది. నీడకు కట్టిన నీ ఎర్రచీర ఊపితే అందులోవాడు చూస్తాడేమో. నువ్వు పోయాక దాని మడత విప్పింది ఇవాళే. అప్పన్న ముడులు లాగేస్తున్నాడు. చిరుగుతుంది, నేనే విప్పుతానని చెప్పి, రాయడం ఆపి లేస్తున్నాను.