ఐదు గుండీల చొక్కా

నాన్నా,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం, మా పడవ, అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, అమ్మ, నీ కుట్టుమిషను కూడా బాగున్నారనుకుంటాను. క్షేమసమాచారాలు అయిపోయాయి కాబట్టి ఇక దెబ్బలాటలోకి వస్తున్నాను. ఫోన్ చేస్తే అమ్మ తీస్తుంది, నువ్వు వెనకనుంచి "ఊఁ, సరే" అనేసి షాపులోకి జారుకుంటావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు. అందుకే రాస్తున్నాను.

నేను నిన్ను అడిగిందేమిటి? పోటీ పెట్టేవాళ్లకి ఒక కాగితం కావాలి, నా చేతుల సంగతి చిన్నప్పటినుంచీ చూసినవాళ్లు రాసివ్వాలి, నాకు ఏ పనులు చేతకావో వరసగా రాసి సంతకం పెట్టు అన్నాను. ఒకటికి మూడుసార్లు చెప్పాను. నువ్వేం రాశావు? "మా అమ్మాయికి ఏ లోటూ లేదు. తన పనులన్నీ తనే చేసుకుంటుంది. గుండీలు కూడా తనే పెట్టుకుంటుంది." గుండీల మాట ఎవరడిగారు నాన్నా? పైగా పదో తరగతిలో నాకిచ్చిన సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఒకటి జత చేశావు. వాళ్లు నాకేదో ఉద్యోగం ఇస్తున్నారనుకున్నావా?

మళ్లీ మొదట్నుంచీ చెబుతాను, ఈసారి కత్తెర పక్కన పెట్టి విను. మా తెరచాప పడవల పోటీలో పడవకి ముగ్గురు. ముగ్గురికీ ఒంట్లో ఏదో ఒక లోటు ఉండాలి. డాక్టరు ఒక్కొక్కరినీ పరీక్ష చేసి మార్కులు వేస్తారు. లోటు ఎక్కువైతే మార్కులు తక్కువ, లోటు తక్కువైతే మార్కులు ఎక్కువ. ముగ్గురివీ కలిపి పద్నాలుగు దాటితే పడవని నీళ్లలోకి దిగనివ్వరు. చక్రాల కుర్చీలో ఉంటూ చుక్కాని పట్టే ఆవిడకి, మేమంతా అక్కా అని పిలుస్తాంలే, మూడు. ముందు తెరచాప చూసుకునే ఒంటికాలి మేష్టారికి ఆరు. పెద్ద తెరచాప తాడు లాగే నాకు ఐదు వస్తుందని అందరం లెక్కేసుకున్నాం. ఆరొచ్చింది. బళ్లో నాకు ఒక్క మార్కు ఎక్కువొస్తే వీధంతా చెప్పుకొచ్చేవాడివి, ఇక్కడ ఆ ఒక్క మార్కుతో ముగ్గురం ఒడ్డున కూర్చున్నాం.

పోటీకి ఇంకా మూడు వారాలుంది. బతిమాలగా బతిమాలగా పై వారం గురువారం ఇంకోసారి పరీక్ష చేస్తామన్నారు. అప్పుడు కూడా ఆరే వేస్తే మా పడవ సంగతి ఇక మర్చిపోవాల్సిందే. ఇంత తక్కువ వ్యవధిలో నా చోట్లోకి ఎవరొస్తారు? అక్క భుజాలు అరిగిపోయాయి, కుర్చీ తోసుకోవడానికే కష్టపడుతోంది. ఆవిడకి ఇదే ఆఖరి పోటీ. రెండేళ్లుగా దీనికోసమే పొద్దున్నే అందరికంటే ముందు రేవుకొచ్చి కూర్చుంటుంది.

నీ ప్రశ్నలకి జవాబులు. పోయిన ఉత్తరంలో నాలుగు అడిగావు, అందులో మూడు బట్ట గురించే. తెరచాపకి నూలు బట్ట కాదు, పాలిస్టర్ వాడతారు. కుట్టు జిగ్‌జాగ్. తిన్నని కుట్టయితే గాలి లాగినప్పుడు దారం తెగిపోతుందట. అంచు మూడు మడతలు. నీకంటే బాగా కుట్టారా అని మాత్రం అడక్కు, చెప్పను. నాలుగోది, నీళ్లలో పడితే తేలే కోటు వేసుకుంటున్నానా అని. వేసుకుంటున్నాను. దాని జిప్పుకి నువ్వు కట్టి పంపిన రింగు ఉందిగా, పళ్లతో పట్టి లాగుతాను. నేనెలా ఉన్నానని మాత్రం ఎక్కడా అడగలేదు. అమ్మ అడిగింది, పక్కన మార్జిన్‌లో, పెన్సిల్‌తో.

ఇక్కడ నీ పేరు మారుమోగిపోతోందిలే. మా కోచ్ నీ ఉత్తరం పట్టుకుని రేవంతా తిరిగి కనబడినవాడికల్లా చదివి వినిపించాడు. మీ నాన్నగారే ముంచేశారమ్మా అన్నాడు. మేష్టారు నాలుగు రోజులుగా నిన్ను తిడుతూనే ఉన్నాడు, మర్యాదగానే అనుకో. నేనూ తలూపాను. మా నాన్నతో ఎప్పుడూ ఇదే గొడవండీ అన్నాను.

ఇక్కడిదాకా తిట్టడం సులువుగానే ఉంది. ఇక మిగిలింది రాయడానికి నిన్నట్నుంచీ రెండు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం ఒక్కటే అయితే ఏమీ అయ్యేది కాదు నాన్నా. ఆ డాక్టరమ్మ దాన్ని చదివి నవ్వి, కన్నవాళ్లు ఇలాగే రాస్తారులెండి అని పక్కన పెట్టేసింది. వేళ్లు వంచమంది, సరిగ్గా వంగలేదు. బల్లమీద నాణెం తీయమంది, తీయలేకపోయాను. అన్నీ రాసుకుంది. తర్వాత భుజం చూడాలి, చొక్కా విప్పమంది. చూశాక మళ్లీ వేసుకున్నాను. నువ్వు కుట్టిన నీలం చొక్కా. పైకి ఐదు గుండీలు, కాజాల్లోంచి బయటికొచ్చినట్టే ఉంటాయి. లోపల మాత్రం అతుక్కునే పట్టీ. అరచేత్తో పైనుంచి కిందికి ఒక్కసారి నొక్కాను. ఆవిడ కాగితం మీంచి తలెత్తేసరికి ఐదూ పెట్టి ఉన్నాయి.

"గుండీలు నిజంగా మీరే పెట్టుకుంటారా?" అంది.

"ఆ," అన్నాను.

ఆ ఒక్క మార్కు అక్కడే పెరిగింది. కావాలని అబద్ధమాడలేదు. ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఏడేళ్ల వయసునుంచీ అదే జవాబు కదా. బళ్లో చొక్కా తెరుచుకుపోయి, పెట్టుకోలేక నిలబడితే పిల్లలంతా నవ్వారని ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజు రాత్రి నువ్వు మిషను ముందు కూర్చున్నావు. మర్నాడు పొద్దున అదే చొక్కా ఇచ్చావు, నొక్కితే చాలు మూసుకునేట్టు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లు ఎవరూ నవ్వలేదు. ఉతికే అమ్మకి తప్ప ఆ పట్టీ సంగతి ఇంకెవరికీ తెలియదు.

నాలుగు రోజులు నోరు మూసుకుని, నింద మొత్తం నీమీదికి తోసేశాను. మేష్టారు తిడుతుంటే పక్కన కూర్చుని టీ తాగాను. సిగ్గుగా ఉంది నాన్నా.

నిన్న అక్కతో చెప్పేశాను. దులిపేస్తుందనుకున్నాను. ఆవిడ నా చొక్కా అంచు తిరగేసి పట్టీ చూసింది, వేలితో తడిమింది, కుట్టినాయన గొప్ప పనిమంతుడే అంది. తర్వాత తాడు చుట్టుకుంటూ అంది, "నీ చెయ్యి ఎక్కడ జారుతుందో నాకు తెలిస్తేనే కదే, నేను పడవని అటు తిప్పేది." ఇన్నాళ్లూ గాలి పెరిగినప్పుడల్లా నేను తాడుని ముంజేతికి చుట్టుకుని, పళ్లు బిగించి, బాగానే ఉందక్కా అనేదాన్ని. ఆవిడ నిజమే అనుకుని పడవని ఇంకా గాలిలోకి తిప్పేది. రెండుసార్లు చర్మం లేచిపోయింది. అదీ నీకు రాయలేదు.

నీమీద కోపం ఇంకా పోలేదు. ఏ లోటూ లేదని వాళ్లకి రాసినందుకు కాదు, ఇన్నేళ్లూ ఆ మాట నాక్కూడా అలవాటు చేసినందుకు. చాలా కోపంగా ఉంది. నిన్ను చూడాలని కూడా చాలా ఉంది.

ఇప్పుడు పని. కొత్త కాగితం రాయి. ఏవి చేతకావో నేను చెప్పనక్కర్లేదు, నాకంటే నీకే బాగా తెలుసు, ఒక్కోదానికి ఒక్కో చొక్కా కుట్టావు. సర్టిఫికెట్లేమీ జత చెయ్యకు.

రెండోది, ఒక చొక్కా కుట్టి కొరియర్‌లో పంపు, బుధవారానికల్లా అందాలి. కొలతలు పాతవే, తాళ్లు లాగి లాగి భుజాలు మాత్రం అరంగుళం పెరిగాయి. ఐదు గుండీలు, ఐదూ నిజమైనవి. లోపల పట్టీ వద్దు, టిచ్ బటన్లు వద్దు, సాగే దారం వద్దు. కాజాలు మామూలు మనుషులకి కుట్టినట్టే కుట్టు. నీ చెయ్యి దానంతటదే ఏదో వెసులుబాటు చేసేస్తుంది, నాకు తెలుసు. చెయ్యనివ్వకు. గురువారం ఆ గదిలో, డాక్టరమ్మ ఎదురుగా అది వేసుకుంటాను. ఎంతసేపు పట్టినా, ఒక్కటి కూడా పడకపోయినా, ఆవిడ చూస్తుండగా అలాగే నిలబడతాను. అమ్మకి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఇట్లు,
గుండీలు పెట్టుకోవడం రాని
నీ పెద్దమ్మాయి